కార్పెంటర్స్ 'పాసేజ్' (1977): నిజంగనే అంత నీరసమైన రికార్డా?

హన్మకొండ_చౌరస్తా:

అందరికీ నమస్తే. అమెరికా పాప్ జంట కార్పెంటర్స్ 1977ల తెచ్చిన 'పాసేజ్' ఎల్పీ గురించి తెలిసినవాళ్లు జర చెప్పాలె. ఎక్కడ చదివినా ఒకటే మాట: రిచర్డ్, కేరెన్ అన్నాచెల్లెళ్ల దిగుడు ఇక్కడ్నించే మొదలైందని. అమెరికా ఆల్బమ్‌ల పట్టికల 'హొరైజన్' (1975) 13వ స్థానం దాకా పోయింది, 'ఎ కైండ్ ఆఫ్ హష్' (1976) 33 దగ్గర ఆగింది, ఇదేమో 49. అంకెలు సరే. పాటలు ఎట్లున్నయన్నదే నా ప్రశ్న.

నాకు వినిపిస్తున్నది ఇది. కేరెన్ గొంతు మరీ లావుగ, మగ గొంతుకు దగ్గరగ వస్తున్నది. హుషారుగ ఉండాల్సిన పాట సుత అడుగులు బరువెక్కినట్టు నడుస్తున్నది. గడియారం పెట్టి చూస్తే ప్రతి పాటా జాకెట్ మీద రాసిన నిడివి దాటి పోతున్నది. రెండు వైపులా ఆఖరి పాటల ఆర్కెస్ట్రా పెరిగిన చోట చినిగినట్టు, 'స', 'ష' దగ్గర ఉమ్మినట్టు శబ్దం.

టర్న్‌టేబుల్ అమెరికాల కొన్నది, బెల్టుతో తిరిగేది. 230 వోల్టుల నుంచి 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తున్నది. ప్లేటు అంచుకు వేగం చూసుకునేటందుకున్న స్ట్రోబ్ గీతలు దీపం వెలుగుల కదలకుంట నిలబడే ఉన్నయ్, అంటే వేగం సరిగనే ఉన్నట్టు. సూది గుండ్రపు మొనది, పాతది. సూది నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్ ఉన్నది.

ఈ ఆల్బమ్ మీద మళ్లీ మనసు పెట్టొచ్చా? పెడితే ఏ వరుసల వినాలె? ఆఖరి పాటలు చినగకుంట చేసే దారేంది? ఎండాకాలం ముదరకముందే దీన్ని కంప్యూటర్‌లకు ఎక్కించాలని ఉన్నది.

కాజీపేట_50హెర్ట్జ్:

అన్నా, తీర్పు పక్కకు పెట్టుండ్రి. మీరు 'పాసేజ్' ఇంకా విననే లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతది గని ఫ్రీక్వెన్సీని మార్చదు. అమెరికాల కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. మీ బండిల ఉన్నది ఏసీ సింక్రనస్ మోటారయితే అది కరెంటు ఫ్రీక్వెన్సీ ప్రకారమే తిరుగుతది. 24 పోల్స్ మోటారు అక్కడ నిమిషానికి 300 చుట్లు తిరిగితే ఇక్కడ 250. అంటే నిమిషానికి 33.3 చుట్లు తిరగాల్సిన ప్లేటు 27.8 తిరుగుతున్నది. జాకెట్ మీద ఐదు నిమిషాలని ఉన్న పాట ఆరు నిమిషాలు పట్టాలె. చూసుకోండి, అదే లెక్క వస్తది. శృతి మూడు అరస్వరాల కంటె కొంచెం ఎక్కువే పడిపోతది. స పలకాల్సిన చోట కింది ధ పలుకుతున్నదన్నమాట. కేరెన్ మామూలుగనే మంద్రంల పాడే మనిషి, ఇంకో మూడు మెట్లు దించితే మగ గొంతు గాక ఏమైతది?

ఇగ స్ట్రోబ్ సంగతి. చాలామంది మోసపోయేది ఇక్కడనే. అమెరికా ప్లేటు అంచుకు 33⅓ కోసం 216 గీతలుంటయ్, 60 హెర్ట్జ్ దీపం కింద చూడటానికి. మన 50 హెర్ట్జ్ దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతది. 27.8 వేగంల 216 గీతల వరుస కూడ సెకనుకు సరిగ్గ 100 గీతలు దాటుతది. దీపమూ ప్లేటూ ఒక్క తీరుగనే వెనకబడ్డయ్ గనక గీతలు నిలబడే కనిపిస్తయ్. మన కరెంటుకు కావాల్సింది 180 గీతల వరుస. అది లేకపోతే లేబుల్ మీద చిన్న కాగితం ముక్క అంటించి మూడు నిమిషాలల్ల ఎన్ని చుట్లో లెక్కపెట్టుండ్రి. సరిగ్గ ఉంటే 100. మీకు 83 దగ్గర వస్తదని నా అంచనా.

బాగుచేసే దారులు మూడున్నయ్. మోటారు డీసీదైతే అడుగున గాని మోటారు మూతల గాని వేగం సవరించే చిన్న స్క్రూ ఉంటది, దాంతోనే అయిపోతది. అయితే మీ లక్షణాలన్నీ ఏసీ మోటారువే. దానికి మంచి దారి పుల్లీ (మోటారు షాఫ్టు మీద బెల్టు కూర్చునే చిన్న చక్రం) మార్చుడు. 50 హెర్ట్జ్ పుల్లీ 60 హెర్ట్జ్ దానికంటె ఐదింట ఒక వంతు లావుంటది. బెల్టు కూర్చునే చోట 10 మి.మీ. ఉంటే 12 కావాలె. కంపెనీ పుల్లీ దొరక్కపోతే ఆటోనగర్‌ల లేత్ మీద ఇత్తడితో తీయించొచ్చు. పాత పుల్లీని తీసుకపోయి కొలత వెర్నియర్‌తోనే తీయించాలె. బెల్టు మందం కూడ లెక్కల పడుతది గనక ముందు 12 మీద ఒక పిసరు ఎక్కువే ఉంచి, పెట్టి చూసి, చుట్లు లెక్కపెట్టి, మళ్లీ తీయించాలె. పుల్లీ నడుమ ఉబ్బు ఉంటది, అది పోగొట్టొద్దు, అది లేకపోతే బెల్టు జారుతది. షాఫ్టు రంధ్రం నూరో వంతు మిల్లీమీటరు పక్కకు పోయినా పియానో, తీగ వాయిద్యాల నిలకడ స్వరాలల్ల వణుకు తెలుస్తది.

మూడోది, 60 హెర్ట్జ్ శుద్ధమైన సైన్ వేవ్ ఇచ్చే చిన్న ఇన్వర్టర్. మోటారుకు కావాల్సిన కరెంటు చాల తక్కువ, పెద్దది అక్కర్లేదు. చదరపు అల ఇచ్చే చౌక ఇన్వర్టర్ మాత్రం వద్దు, మోటారు గురగురమంటది, ఆ కదలిక సూదికి ఎక్కుతది.

45 మీట నొక్కి సరిపెట్టుకుందామంటే కుదరదు. మన కరెంటు మీద అది 37.5 తిరుగుతది, ఎనిమిదింట ఒక వంతు ఎక్కువ. తప్పు వేగంల రికార్డు చేసుకొని కంప్యూటర్‌ల 1.2 రెట్లు పెంచితే శృతి అయితే సరైతది. కానీ ప్రీయాంప్‌ల ఆర్ఐఏఏ వంపు (రికార్డు కోసేటప్పుడు తగ్గించిన మంద్రాన్ని, పెంచిన తారాన్ని తిరిగి సరిచేసేది) తప్పు ఫ్రీక్వెన్సీల మీద పడి ఉంటది, కొన్ని చోట్ల ఒకటిన్నర డెసిబెల్ దాకా తేడా వస్తది. తాత్కాలికానికి పరవాలేదు, దాచుకునే కాపీకి పనికిరాదు. ఇంకొక మాట: 60 హెర్ట్జ్ మోటారు 50 మీద మామూలుకంటె ఎక్కువ వేడెక్కుతది. వైపు అయిపోంగనే ఆపుండ్రి.

సుబేదారి_శ్రోత:

వేగం సరిచేశాక ఈ ఆల్బమ్ మీకు కొత్తగా వినిపిస్తుంది. నా మాటలు అప్పుడు వినేటప్పటికి పనికొస్తాయని రాస్తున్నాను.

దీన్ని తీసిపారేసేవాళ్లు రెండు కారణాలు చెబుతారు. రిచర్డ్ కార్పెంటర్, ఆయనతో జోడీగా పాటలు రాసే జాన్ బెటిస్ కలిసి రాసిన పాట ఇందులో ఒక్కటీ లేదు. పైగా ఎనిమిది పాటలూ ఎనిమిది దిక్కులు: జాజ్, లాటిన్ తాళం, కంట్రీ, కాలిప్సో, రంగస్థల సంగీతం, చివరికి గ్రహాంతరవాసులకు ఆహ్వానం. రెండూ నిజమే. నా దృష్టిలో ఈ రికార్డుకు విలువ వచ్చింది కూడా వాటివల్లే. అంతకుముందు ఆల్బమ్‌లలో రిచర్డ్ ప్రతి పాటనూ చెల్లెలి గొంతుకు కొలత తీసి కుట్టిన బట్టలా తయారుచేసేవాడు. అందం అందమే. అయితే ఆ గొంతు తనంతట తాను ఏం చేయగలదో అందులో విడిగా తెలియదు. ఇక్కడ 27 ఏళ్ల కేరెన్ ఇతరులు కట్టిన ఇళ్లలోకి ఒక్కతే అడుగుపెడుతుంది. ఏ ఇంట్లో ఆమె సర్దుకుంది, ఏ ఇంట్లో ఇరుకుపడింది అన్నది స్పష్టంగా వినొచ్చు.

సర్దుకున్న చోటు అంటే అన్నిటికంటే ముందు మొదటి వైపు మూడో పాట, 'ఐ జస్ట్ ఫాల్ ఇన్ లవ్ అగైన్'. ఆమె స్వరాన్ని ఎత్తుకున్న తీరు గమనించండి. ముందు ఏ కదలికా లేకుండా నిటారుగా నిలబెడుతుంది, వాక్యం ముగిసే చోట మాత్రమే చిన్న కంపితం వేస్తుంది. పాట మొదట్లో దాదాపు మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆర్కెస్ట్రా లేస్తుంది, టోనీ పెలూసో గరుకు గిటారు వస్తుంది, ఆమె మాత్రం అరవదు. వాటి బరువు మోయడానికి గొంతు పెంచాల్సిన అవసరం ఆమెకు కనబడలేదు. ఈ పాటను కార్పెంటర్స్ సింగిల్‌గా విడుదల చేయలేదు. 1979లో కెనడా గాయని ఆన్ మరే పాడితే అమెరికా కంట్రీ పట్టికలో 1, మామూలు పట్టికలో 12 అయింది. పాటలో దమ్ము లేక కాదన్నమాట, దాన్ని ముందుకు తోసినవాళ్లు లేకపోయారు.

రెండో వైపు 'టూ సైడ్స్' గురించి ఎవరూ మాట్లాడరు. నాకు ఈ ఆల్బమ్‌లో అదే ప్రాణం. కంట్రీ ఛాయ ఉన్న నెమ్మది పాట, చుట్టూ హడావుడి లేదు, వాక్యాల మధ్య ఖాళీని ఖాళీగానే వదిలేశారు. మంద్రంలో ఆమె ఎంత తేలిగ్గా ఊపిరి పంచుకుంటుందో వినడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. మన చెవులకు సుశీల గారు, జానకి గారి తారస్థాయి అలవాటు. ఆడగొంతు మాధుర్యం పైన ఉంటుందనుకుంటాం. ఈమె బలం పూర్తిగా కింద ఉంది.

దానికి ముందున్న 'స్వీట్, స్వీట్ స్మైల్' జూస్ న్యూటన్, ఓథా యంగ్ రాసింది. బాంజో, ఫిడేలు పరుగెత్తుతుంటాయి. అమెరికా కంట్రీ పట్టికలో 8 దాకా వెళ్లింది. మొదటి వైపు రెండో పాట 'ఆల్ యు గెట్ ఫ్రమ్ లవ్ ఈజ్ ఎ లవ్ సాంగ్' పాప్ పట్టికలో 35 దగ్గరే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. లాటిన్ తాళం మీద విషాదమైన మాటలు, నడుమ శాక్సఫోన్, మూడున్నర నాలుగు నిమిషాల్లో ఒక్క క్షణం వృథా లేదు. మీ బండి మీద అడుగులు బరువెక్కినట్టు అనిపించింది ఇదే అయి ఉంటుంది. సరైన వేగంలో ఇది నడవదు, తేలుతుంది.

ఇక పెద్ద పాటలు. 'కాలింగ్ ఆక్యుపెంట్స్ ఆఫ్ ఇంటర్‌ప్లానెటరీ క్రాఫ్ట్' కెనడా బృందం క్లాటూది, వాళ్ల 1976 ఆల్బమ్ నుంచి తీసుకున్నారు. గ్రహాంతరవాసులకు అందరూ ఒకేసారి మనసులో సందేశం పంపాలని 1953లో ఒక సంఘం పెట్టుకున్న 'ప్రపంచ సంపర్క దినం' దీనికి మూలం. మొదట రేడియో కార్యక్రమానికి ఫోన్ వచ్చినట్టు ఒక చిన్న నాటకం ఉంటుంది, అందులో అనౌన్సర్ గొంతు గిటారిస్టు పెలూసోదే. దీన్ని తమాషా పాటగా కొట్టిపారేస్తారు. కేరెన్ పాడటంలో మాత్రం తమాషా ఎక్కడా లేదు. ఆకాశంలోకి ఉత్తరం రాస్తున్నంత నమ్మకంగా పాడింది. బ్రిటన్‌లో 9, అమెరికాలో 32.

ఇరుకుపడిన చోటు 'ఎవిటా' అనే సంగీత నాటకం నుంచి తీసుకున్న బాల్కనీ ఘట్టం. వాద్యరచన గొప్పది. పీటర్ నైట్ అనే బ్రిటిష్ అరేంజర్ చేసిన పని అది, 1967లో మూడీ బ్లూస్ బృందం ఆల్బమ్‌కు ఆర్కెస్ట్రా రాసిన ఆయనే. వందమందికి పైగా వాయిద్యకారులు, గ్రెగ్ స్మిత్ సింగర్స్ నుంచి 50 గొంతులు. లాస్ ఏంజిలిస్ ఫిల్‌హార్మోనిక్ వేరే కంపెనీతో ఒప్పందంలో ఉన్నందువల్ల జాకెట్ మీద 'ఓవర్‌బడ్జెట్ ఫిల్‌హార్మోనిక్' అని వేశారు. అయితే ఆ సన్నివేశం లక్షలమంది ముందు నిలబడి చేసే ప్రసంగం. కేరెన్ గొంతు ఒక్క మనిషి చెవిలో చెప్పే గొంతు. రెండూ కలవలేదు. కాలిప్సో పాట 'మ్యాన్ స్మార్ట్, ఉమన్ స్మార్టర్' హుషారుగానే మొదలై తోక మరీ పొడుగైంది, అది కింగ్ రేడియో అనే కాలిప్సో గాయకుడి 1936 నాటి పాట. మొదటి పాట 'బ్వానా షి నో హోమ్' మైకేల్ ఫ్రాంక్స్‌ది. జీన్ ప్యూర్లింగ్ అల్లిన కోరస్ అద్భుతం. పనిమనిషి భాషను వెక్కిరిస్తున్నట్టుండే ఆ మాటలు మాత్రం ఇవాళ చెవికి ముల్లులా గుచ్చుకుంటాయి.

అందుకే వరుసగా వినొద్దు. రెండో వైపు మొదటి రెండు పాటలతో మొదలుపెట్టండి. తర్వాత మొదటి వైపు రెండు, మూడు. ఆ నాలుగూ చెవికి ఎక్కాక 'కాలింగ్'. మిగిలినవి మరో రోజు. ఇంకో జాగ్రత్త: సంకలనాల్లో దొరికే కొన్ని పాటలు రిచర్డ్ ఏళ్ల తర్వాత మళ్లీ మిక్స్ చేసినవి. వాటిని విని ఈ ఆల్బమ్‌ను అంచనా వేయకూడదు.

హుజూరాబాద్_సూది:

పాటల గురించి పై మాటలతో ఏకీభవిస్తున్నాను. అయితే ఈ రికార్డుకు అన్యాయం జరగడంలో పాటల వరుసకూ పాత్ర ఉంది. బరువైన రెండు పాటలూ రెండు వైపులా చివర, లోపలి గాడుల్లో పెట్టారు. ఎనిమిది నిమిషాలు దాటే బాల్కనీ ఘట్టం మొదటి వైపు చివర, ఏడు నిమిషాలు దాటే 'కాలింగ్' రెండో వైపు చివర.

వేగం అంతటా 33⅓ అయినా బయటి గాడిలో, అంటే కేంద్రం నుంచి 146 మి.మీ. దూరంలో, సూది కింద సెకనుకు 51 సెం.మీ. గాడి పోతుంది. 60 మి.మీ. దగ్గర 21 సెం.మీ. మాత్రమే. అదే వయొలిన్ స్వరం, అదే 'స' అక్షరం సగంకంటే తక్కువ జాగాలో ఇరికించాలి. మెలికలు అంత సన్నగా అయ్యేసరికి గుండ్రటి మొన వాటిలోకి దిగలేక అంచుల మీద దొర్లుతుంది. మీకు వినిపిస్తున్న ఉమ్మిన శబ్దం అదే. వందమంది ఆర్కెస్ట్రాను అలాంటి చోట వినిపిస్తే 'అతి చేశారు' అనిపించడం సహజం. అతి అంతా వాద్యరచనది కాదు, కొంత సూదిది.

ముందు సూది మార్చండి. బడ్జెట్‌లో ఆడియో టెక్నికా వీఎమ్95 వరుస కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకునే చిన్న డబ్బీ) నప్పుతుంది. ఒకే బాడీకి గుండ్రటి మొన, ఇంకా సన్నటి మొనలున్న ఎలిప్టికల్, మైక్రోలీనియర్, షిబాటా సూదులు మార్చుకోవచ్చు. ఈ రికార్డు కోసమైతే కనీసం ఎలిప్టికల్, వీలైతే మైక్రోలీనియర్. సూది రికార్డు మీద మోపే బరువు 1.8 నుంచి 2.2 గ్రాములు, 2.0 దగ్గర పెట్టండి. తేలిగ్గా పెడితే రికార్డు అరగదనుకుని చాలామంది 1.5 పెడతారు. అప్పుడు సూది గాడిలో ఎగిరి గోడలను కొడుతుంది, అరుగుదల ఎక్కువవుతుంది. బరువు చూడటానికి 0.01 గ్రాము చూపే చిన్న తూకం చాలు. తూకం పళ్లెం ప్లేటు మీద రికార్డు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో ఉండాలి.

తర్వాత అలైన్‌మెంట్, అంటే కార్ట్రిడ్జ్‌ను గాడికి సరైన కోణంలో కూర్చోబెట్టడం. బేర్‌వాల్డ్ పద్ధతిలో సూది గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండే చోట్లు కేంద్రం నుంచి 66.0, 120.9 మి.మీ. స్టీవెన్సన్ పద్ధతిలో 60.3, 117.4. లోపలి పాటలే ముఖ్యం కాబట్టి స్టీవెన్సన్ పెట్టేయమని చాలామంది చెబుతారు. నా మాట: ముందు స్కేలు తీసుకుని మీ రికార్డులో పాట ఎక్కడ ముగుస్తుందో కొలవండి. మొదటి వైపు ఇరవై నిమిషాలు దాటుతుంది, రెండోది అంతకంటే పొట్టి. అందువల్ల రెండు వైపులా ముగింపు ఒకే చోట ఉంటుందనుకోవద్దు. 62 మి.మీ. దాకా వస్తే స్టీవెన్సన్ సరే. 68, 70 దగ్గరే ఆగిపోతే బేర్‌వాల్డ్ మేలు. లేదంటే పాట లేని ఖాళీ జాగాకు సేవ చేసి నడిమి పాటల్లో తప్పు పెంచుకున్నట్టు.

ఆ చోట్లు చుక్కలుగా గీసి ఉండే ప్రొట్రాక్టర్ కాగితం జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తే 'పేజీకి సరిపెట్టు' అన్న ఎంపిక తీసేసి 100 శాతంలో తీయించండి. ఇంటికొచ్చి దాని మీదున్న 100 మి.మీ. గీతను స్కేలుతో సరిచూడాలి. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా ఆ కాగితం చించేయండి. కార్ట్రిడ్జ్‌ను రెండు స్క్రూలతో వదులుగా బిగించి, సూది మొన రెండు చుక్కల మీదా పడేలా ముందుకూ వెనక్కూ జరపండి. రెండు చోట్లా సూదిని మోసే సన్నని కడ్డీ గీతలకు సమాంతరంగా ఉండాలి. కార్ట్రిడ్జ్ బాడీని చూసి సరిపెట్టొద్దు, కడ్డీ దాంట్లో కొద్దిగా వంకరగా ఉండొచ్చు. స్క్రూలు బిగించేటప్పుడు అది తిరిగిపోతుంది, కాబట్టి బిగించాక మళ్లీ చూడండి. బరువు కూడా మళ్లీ తూయాలి.

చివరగా యాంటీస్కేట్, అంటే సూదిని మోసే చేయి లోపలికి జారకుండా బయటికి లాగే సర్దుబాటు. 'కాలింగ్' ముగింపు హెడ్‌ఫోన్లలో వినండి. కుడివైపు ముందు చినుగుతుంటే కొంచెం పెంచండి, ఎడమవైపు అయితే తగ్గించండి. చేయి లోపలికి లాగినప్పుడు పట్టు తప్పేది బయటి గోడ, కుడి ఛానల్ ఉండేది దాని మీదే.

ఇన్ని చేసినా చినుగుతుంటే పాత అరిగిన సూదులు గోడలను గీకేశాయని అర్థం. అది బాగుకాదు. అయితే సన్నటి మొన గాడిలో వేరే ఎత్తున కూర్చుంటుంది కాబట్టి అరగని గోడ దొరికి కొంత మెరుగు కనబడొచ్చు.

మంకమ్మతోట_కీస్:

సుబేదారి అక్కా, 'టూ సైడ్స్' గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. బాల్కనీ ఘట్టం విషయంలో మాత్రం ఒప్పుకోను. ఆ పాత్ర పైకి జనంతో మాట్లాడుతున్నా లోపల తనను తాను సమర్థించుకుంటున్నది. కేరెన్ ఆ లోపలి మాటనే పాడింది. వెనక 50 గొంతులు జనమైతే ముందు ఈ ఒక్క గొంతు ఏకాంతం. ఆ ఎడం కావాలనే పెట్టినట్టు నాకు వినిపిస్తుంది.

కీబోర్డు వైపు నుంచి రెండు విషయాలు చెప్తాను. కార్పెంటర్స్ కోరస్‌లో వినిపించేది గుంపు కాదు, ఇద్దరే మనుషులు. నాలుగు భాగాల స్వరమేళనాన్ని ఒక్కో భాగం మూడేసి సార్లు పాడి పేర్చడం వాళ్ల పద్ధతి, అంటే పన్నెండు గొంతులు. ఇంట్లో చేయాలంటే మూడు సార్లూ ఒకే తీరుగా పాడాలి, 'స'తో ముగిసే మాటల్లో ఆ అక్షరాన్ని ఒక్క ట్రాక్‌లోనే ఉంచి మిగతా వాటిలో మింగేయాలి. లేకపోతే పన్నెండు 'స'లు తలోసారి పడి బుసలా వినబడుతుంది. రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో కోరస్ మీటను నమ్ముకుంటే గొంతు నీళ్లలో ఊగినట్టు వస్తుంది తప్ప ఈ మందం రాదు.

రెండోది శృతి. ఐదున్నర కట్టె అలవాటున్న మన అమ్మాయిలు ఈ పాటలు పాడేటప్పుడు నాలుగైదు అరస్వరాలు పైకి జరుపుతున్నారు. జరిపితే పాట వెలుగు పెరిగి బరువు పోతుంది. రెండు అరస్వరాలకు మించి జరపొద్దు. కింది స్వరాలు బలహీనంగా ఉంటే మైకును నోటికి 5 నుంచి 8 సెం.మీ. దగ్గరికి తీసుకోండి, దగ్గరయ్యేకొద్దీ మంద్రం అదే పెరుగుతుంది. మరీ గుయ్యిమంటే 200 హెర్ట్జ్ దగ్గర 2, 3 డెసిబెల్స్ తగ్గించండి.

హన్మకొండ_చౌరస్తా:

కాజీపేట అన్నా, కాగితం ముక్క అంటించి లెక్కపెట్టిన. మూడు నిమిషాలకు 83 చుట్లు. మోటారు మీద ఏసీ, 60 హెర్ట్జ్ అనే ఉన్నది. పుల్లీ తీసి పెట్టిన. అందరికీ శతకోటి దండాలు. రికార్డు కడుగుడు, కంప్యూటర్‌కు ఎక్కించుడు సుత ఎవరన్న చెప్పుండ్రి. ఇంట్ల బోరు నీళ్లే ఉన్నయ్.

కాజీపేట_50హెర్ట్జ్:

బోరు నీళ్లు వద్దే వద్దు అన్నా. మన దిక్కు నీళ్లల్ల సున్నం ఎక్కువ. ఆరినంక గాడిల తెల్లగ పేరుకొని చిటపటలు పెరుగుతయ్. డిస్టిల్డ్ వాటర్ 800 మి.లీ., 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200 మి.లీ., రంగూ వాసనా లేని గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు. రెండంటే రెండే, ఎక్కువైతే జిగురు మిగిలి సూదికి అంటుకుంటది. వైపుకు 15, 20 మి.లీ. చాలు. లేబుల్ తడవనియ్యొద్దు. మెత్తటి బ్రష్‌తో గాడి పోయిన దిక్కే తిప్పాలె, అడ్డంగ రుద్దొద్దు. మళ్ల ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నిలబెట్టి రెండు గంటలు ఆరనియ్యాలె. ఫ్యాన్ కింద పెడితే దుమ్ము తెచ్చి అంటిస్తది. మీ దగ్గర పాత 78 లక్క రికార్డులుంటే వాటికి ఈ ద్రవం తగలనియ్యకండి, ఆల్కహాల్ లక్కను కరిగిస్తది.

మే నెల ఎండల రేకుల కప్పు కింద గాని, నిలిపిన కారుల గాని ఎల్పీ పెడితే వంగుడు ఖాయం. అటక మీద సుత వద్దు. నిలువుగ, పక్కకు ఒరగకుంట, కింది అరల పెట్టుండ్రి. వానాకాలం బూజు పట్టకుంట లోపలి కాగితం కవర్ తీసేసి పలుచని ప్లాస్టిక్ కవర్ వెయ్యాలె.

హుజూరాబాద్_సూది:

ఎక్కించడానికి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. నిమిషానికి 17 ఎంబీ చొప్పున రెండు వైపులా కలిపి 700 ఎంబీ దగ్గర అవుతుంది. లెవెల్ పెట్టేటప్పుడు మొదటి పాటను నమ్ముకోవద్దు. ముందు 'కాలింగ్' ఆఖరి నిమిషం, బాల్కనీ ఘట్టంలో కోరస్ లేచే చోటు వినిపించి, అక్కడ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టండి. అదే లెవెల్‌తో రెండు వైపులూ తీయండి. మధ్యలో మార్చితే నెమ్మది పాటలకూ పెద్ద పాటలకూ ఉన్న ఎత్తుపల్లాలు పోతాయి. ఈ ఆల్బమ్‌లో అవే అసలు విషయం. పాట పాటకూ విడిగా నార్మలైజ్ చేయొద్దనేది (ఒక్కోదాని శబ్దాన్ని ఒకే గరిష్ఠ స్థాయికి పెంచొద్దనేది) కూడా అందుకే.

20 హెర్ట్జ్ కింద ఉన్న గురగుర తీసేయండి. చిటపటలు తీసే మీటను మొత్తం ఫైలు మీద నొక్కొద్దు. 'స్వీట్, స్వీట్ స్మైల్'లో బాంజో మీటు, 'బ్వానా'లో తాళవాద్యాల దెబ్బ కూడా దానికి చిటపటల్లాగే కనబడి మొన కొరికేస్తుంది. ఆ రెండు పాటల్లో ఫైలును పెద్దది చేసి చూసుకుంటూ ఒక్కో చిటపటను చేత్తోనే తీయాలి. 'టూ సైడ్స్' దగ్గర మీట కొద్దిగా వాడినా నష్టం లేదు. పుల్లీ వచ్చాక రెండు వైపులా పాట ముగిసే చోటు ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి ఇక్కడ రాయండి, దాన్నిబట్టి ఏ అలైన్‌మెంటో తేల్చుకుందాం.